లోయెస్ట్ టెండరు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ లోయెస్ట్ టెండరు గారికి,

మీరు క్షేమమేనా అని అడగక్కర్లేదు. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ఏ సర్కారు ఆసుపత్రి గుమ్మం తొక్కినా గ్లౌజుల నుంచి ఎక్స్‌రే యంత్రం దాకా అంతటా మీ దర్శనమే. మంత్రులు మారతారు, సూపరింటెండెంట్లు బదిలీ అవుతారు, గెలుపు మాత్రం అందరికంటే తక్కువ ధర చెప్పే మీదే.

ఆ గెలుపు రహస్యం కంపెనీల ధరలు పోల్చే పట్టికలో, అదే కంపారిటివ్ స్టేట్‌మెంట్‌లో ఉంది. వరుసగా కంపెనీల పేర్లు, చివరి గడిలో ధర, అన్నిటికంటే చిన్న అంకె చుట్టూ ఎర్రసిరాతో సున్నా. వస్తువు ఎన్నేళ్లు పనిచేస్తుంది, ఎంత కరెంటు తాగుతుంది, స్పేర్ పార్టు ఎవరు తెస్తారు, పాడయ్యాక ఎక్కడ పారేయాలి? వీటికి గడులే ఉండవు. గడి లేని ఖర్చు ఖర్చే కాదన్నది తమరి సిద్ధాంతం.

మీ గ్లౌజులు తొడుక్కుంటుంటేనే బొటనవేలి దగ్గర పుటుక్కుమంటాయి. అందుకని నర్సులు ఒకదాని మీద ఒకటి వేసుకుంటారు. పెట్టె సగం రోజులకే ఖాళీ, చెత్త రెట్టింపు. అయితేనేం, పెట్టె ధర తక్కువే కదా! ఉతికి, స్టెరిలైజ్ చేసి మళ్లీ వాడుకునే గౌన్లు కొందామంటే లాండ్రీ కావాలి, నీళ్లు కావాలి, ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవ్ నడిపే మనిషి కావాలి. ఆ పోస్టేమో ఖాళీ. కాబట్టి డిస్పోజబుల్‌కే జై.

ల్యాబ్‌లో మీ లీల ఇంకా గొప్పది. యంత్రం దాదాపు ఉచితం, కాకపోతే పరీక్షలకు దానిలో పోసే రసాయనాలు, అదే రియేజెంట్లు, ఆ కంపెనీ దగ్గరే కొనాలి. ఏనుగును ఊరికే ఇచ్చి, అంకుశం మాత్రం నెలనెలా అమ్మడం! ఇక కొన్న యంత్రం చెడిపోతే రిపేరు వేరే పద్దు, ఆ పద్దులో డబ్బుండదు. కొత్తది కొనడానికి మాత్రం ఉంటుంది, అదీ ఆర్థిక సంవత్సరం ఆఖరి వారంలో, నిధులు మురిగిపోతాయన్న టెన్షన్‌లో. పేద దేశాల ఆసుపత్రుల పరికరాల జాబితాలు చూసిన ఒక అధ్యయనం, దాదాపు 40 శాతం పనిచేయడం లేదని 2011లోనే తేల్చింది. కారిడార్‌లో ముసుగేసుకుని నిలబడ్డ ఆ యంత్రాలకు మీ పేరు పెట్టాలి.

పాదరసం సంగతీ చెప్పాలి. అది విషం కనుక పాదరసం థర్మామీటర్లు, బీపీ పరికరాల తయారీ, ఎగుమతి, దిగుమతులు 2020 నాటికి ఆపాలని 2013లో మినమాటా అనే అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. సరే అని డిజిటల్ బీపీ మిషన్లకు టెండరు పిలిస్తే అక్కడా మీరే నెగ్గారు. ఒకే మనిషికి, ఒకే చేతికి ఇప్పుడొక అంకె, నిమిషం తర్వాత ఎక్కడో ఉన్న ఇంకో అంకె, బ్యాటరీ పోతే ఏ అంకే లేదు. దాంతో పాత పాదరసం గొట్టాన్నే బీరువాలో దాచుకునే డాక్టరును ఏమనగలం? పర్యావరణాన్ని కాపాడే వస్తువంటే పనికిరానిదన్న చెడ్డపేరు మీ పుణ్యమే.

నిజం చెప్పాలంటే మిమ్మల్ని ప్రేమించి ఎవరూ ఎంచుకోరు. ఎక్కువ ధరకు ఎందుకు కొన్నావని ఆడిట్ అడుగుతుంది. తక్కువకు కొన్నది ఏడాది తిరక్కుండా ఎందుకు మూలపడిందని అడిగే నాథుడు లేడు. సంతకం పెట్టేవాడికి ఉద్యోగం ముఖ్యం. మంచి కంపెనీలు పోటీకి రావచ్చుగా అంటారా? బిల్లు నెలల తరబడి పెండింగులో పెడితే ఎవరొస్తారు? పర్యావరణ సర్టిఫికెట్ అడిగితే చిన్న తయారీదారు దాని ఫీజు చూసే వెనక్కి తగ్గుతాడు. మిగిలేది మీరే.

ప్రపంచ కర్బన ఉద్గారాల్లో వైద్యరంగం వాటా 4.4 శాతమని, అందులో చాలా భాగం కొనే వస్తువుల తయారీ, రవాణా, పారవేతల నుంచేనని 2019లో లెక్కగట్టారు. పేద దేశాల వాటా అందులో తక్కువే లెండి. ఆ ధీమాతోనే తమరు ఇంకా ఆరోగ్యంగా ఉన్నారు.

అన్నట్టు ఒక శుభవార్త. తమరి గ్లౌజులు, గౌన్లు, సిరంజిలు గుట్టలు పడ్డాయి, వాటిని కాల్చడానికి ఇన్‌సినరేటర్ కొంటారట. ప్లాస్టిక్ సరిగ్గా కాలకపోతే డయాక్సిన్లనే విషాలు వస్తాయి కనుక పొగను శుభ్రం చేసే ఏర్పాటు ఉండాలని ఒక ఇంజినీరు నోట్ పెట్టాడు. అది లేకుండా అయితే చవగ్గా వస్తుందని కమిటీ గమనించింది. కొటేషన్ సిద్ధం చేసుకోండి.

ఇట్లు,
మీ గ్లౌజులను జతలు జతలుగా వాడుతున్న
ఒక ఆసుపత్రి ఉద్యోగి