పన్ను మీద పన్ను

నోట్లో మొలిచేదాన్నీ సర్కారు వసూలు చేసేదాన్నీ ఒకే మాటతో పిలిచిన మన పూర్వీకుల ముందుచూపుకి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. ఏదో మాట కలిసిందిలే అనుకుంటూ నలభై ఐదేళ్లు గడిపేశాను. మా అమ్మాయికి పదమూడో ఏడు వచ్చి, పై వరసలో కోరపన్ను ఒకటి పక్కపన్ను భుజమెక్కి కూర్చున్నాక గానీ తత్వం బోధపడలేదు.

మా అమ్మ మాత్రం మురిసిపోయింది. పన్ను మీద పన్ను అదృష్టమట. ఎవరికో చెప్పలేదు.

విజయవాడలో మేం వెళ్లిన క్లినిక్‌కి క్లిప్పుల స్పెషలిస్టు మంగళవారం, శనివారం వస్తారు. ఆయన పిల్ల నోట్లోకి అద్దం పెట్టి చూసి, ‘క్లాస్ టూ’ అన్నారు. ఎడ్వర్డ్ యాంగిల్ అనే అమెరికా డాక్టరు 1899లోనే పళ్ల వంకర్లను మూడు క్లాసులుగా విడగొట్టాడు. రైల్లో అయితే ఒకప్పుడు థర్డ్ క్లాసు చవక. ఇక్కడ థర్డ్ క్లాసు ముదిరితే దవడకి ఆపరేషన్ దాకా పోవచ్చు. మాది సెకండ్ క్లాసే అయినందుకు మా ఆవిడా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఊపిరి పీల్చుకున్నాం.

తర్వాత రిసెప్షన్ అమ్మాయి శ్లాబుల పట్టిక ముందు పెట్టింది. మెటల్ 40 వేలు. సిరామిక్ 55 వేలు. పళ్లకి లోపలివైపు అంటించేవి లక్ష పైన. తీసి పెట్టుకునే ప్లాస్టిక్ అలైనర్లు లక్షన్నర నుంచి మొదలు. పాత విధానమా, కొత్త విధానమా అని ఆదాయపు పన్ను వాళ్లు అడిగినట్టే ఉంది. అలైనర్లు రోజుకి 20 నుంచి 22 గంటలు నోట్లో ఉండాలట, తినేటప్పుడు మాత్రం తీసి డబ్బాలో పెట్టాలట. ఈ ఏడాది మూడు వాటర్ బాటిళ్లు స్కూల్లో పారేసుకున్న పిల్ల చేతికి లక్షన్నర ఇచ్చి పంపే ధైర్యం నాకు లేదు. ఇక మెటల్‌కీ సిరామిక్‌కీ చేసే పనిలో తేడా ఏమిటని అడిగాను. ‘పని ఒకటేనండి, సిరామిక్ అయితే కనపడదు’ అంది. కొన్న వస్తువు నలుగురికీ కనపడాలని అప్పు చేసే జాతి మనది. కనపడకుండా ఉండటానికి 15 వేలు ఎక్కువ ఇవ్వడం సంప్రదాయ విరుద్ధమని మెటల్‌కే ఓటేశాను.

‘టోటల్ ప్యాకేజీ అండి’ అంది. ఆ టోటల్ అనే మాటని నేను నమ్మాను. రాసివ్వమని అడగలేదు. అదొక్కటే నేను చేసిన తప్పు. మిగతావన్నీ దాని పిల్లలు.

ఎక్స్‌రేలు రెండు, 1,200. ప్యాకేజీలోకి రాదండి. క్లిప్పులు అంటించే ముందు పళ్లు క్లీన్ చేయాలి, 1,000. అదీ రాదండి. తర్వాత దవడలో చోటు చాల్లేదన్నారు. వంకర పళ్లు వరసలోకి రావాలంటే ఏ పాపం ఎరగని నాలుగు పళ్లు తీసెయ్యాలి. రోడ్డు వెడల్పులో ఇల్లు పోతే నష్టపరిహారమైనా ఇస్తారు. ఇక్కడ పోయిన పళ్లు మావి, పన్నుకి 1,000 చొప్పున కట్టిందీ మేమే.

వాయిదాల సంగతి. జీరో వడ్డీ ఈఎంఐ ఉందన్నారు. జీరో వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకి చెప్పింది. ఆ వడ్డీ ఎక్కడో ఒక చోట కలిసే ఉంటుంది. నగదైతే తగ్గిస్తారా అని అడిగా, రెండు వేలు తగ్గాయి. అంటే జీరో ఖరీదు రెండు వేలన్నమాట. మెడికల్ ఇన్సూరెన్సు వాళ్లకి ఫోన్ చేస్తే, ప్రమాదంలో దెబ్బ తగిలి పళ్లు విరిగితే చూస్తాం గానీ ఇలాంటివి రావన్నారు. వంకరగా పుట్టడం ప్రమాదం కాదట. వైద్య సేవలకి జీఎస్టీ మినహాయింపు ఉండబట్టి పన్ను మీద ఆ పన్ను పడలేదు, అదొక్కటే ఊరట.

డాలస్‌లో ఉన్న మా బావమరిది మాత్రం ఫోన్లో ఒకటే నవ్వు. ‘బావా, మా వాడికి ఆరు వేల డాలర్లు చెప్పారు. ఇన్సూరెన్సు జన్మానికి ఒకసారి పదిహేను వందలిస్తుంది. నువ్వు ఆ లెక్క చూసి ఏడుస్తున్నావా?’ వాడు చెప్పింది నిజమే. అయినా నా ఏడుపు రూపాయల్లోనే వస్తుంది.

వేసిన తీగ నికెల్ టైటానియం. దానికి జ్ఞాపకశక్తి ఉంటుందని డాక్టరుగారు ముచ్చటగా చెప్పారు. ఎంత వంచినా, నోటి వేడికి తన అసలు ఆకారం గుర్తు తెచ్చుకుని పళ్లని లాక్కొస్తుందట. తీగకున్న జ్ఞాపకం క్లినిక్‌లో ఇంకెవరికైనా ఉంటే మొదట చెప్పిన 40 వేలు గుర్తుండేవి.

చెరుకు, జామకాయ, పల్లీచెక్క, మొక్కజొన్న పొత్తు నిషేధం. జాబితాలో చెగోడీలు లేవు. సంక్రాంతికి మా అమ్మ చేసిన చెగోడీ పిల్ల నోట్లో ‘టక్’మంది. ఆ శబ్దం వేరు. చెగోడీ విరిగితే కరకరమంటుంది. ఇది తాళం పడినట్టు ఒక్కసారే వినిపించి ఆగిపోయింది. పిల్ల నాలుక మీద నుంచి బియ్యపు గింజంత లోహపు ముక్క తీసి నా అరచేతిలో పెట్టింది. మళ్లీ అంటించడానికి 300. ఏడాదిన్నరలో ఏడు గింజలు రాలాయి. ఒక్కొక్కటీ ఒక్కో పండగ. ఉగాదికి రెండు.

చెప్పొద్దూ, ప్రభుత్వ డెంటల్ కాలేజీకి వెళ్లమని మా ఆఫీసులో అటెండరు మొదట్లోనే చెప్పాడు. విజయవాడలోనూ ఉంది, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ ఉంది. పీజీ డాక్టర్లు ప్రొఫెసర్ల కనుసన్నల్లో చేస్తారు, ఖర్చు ఇందులో ఓ మూల. వాళ్లబ్బాయికి అక్కడే చేయించాడు, ఇప్పుడు వాడి పలువరస చూస్తే ముచ్చటేస్తుంది. క్యూలో నిలబడాలని నేనే వెళ్లలేదు. అటెండరుకున్న తెలివి సూపరింటెండెంటుకి ఉండాలని రూలేం లేదు కదా.

మొత్తానికి క్లిప్పులు తీశారు. పళ్లు సైన్యంలా నిలబడ్డాయి. అప్పుడు తెలిసింది సెస్సు సంగతి. పళ్లకీ జ్ఞాపకశక్తి ఉంటుందట, వదిలేస్తే పాత ఇంటికి పోతాయట. వాటిని పట్టి ఉంచడానికి రిటైనర్లు, పైదానికి 3,000, కిందిదానికి 3,000. రాదండి. తగ్గిన రెండు వేలు తీసేసినా లెక్క 52,300కి తేలింది.

గత నెల పెళ్లిలో భోజనానికి కూర్చుంటూ పిల్ల ఆ రెండూ తీసి, టిష్యూలో చుట్టి, విస్తరి పక్కన పెట్టింది. గులాబ్ జామ్ వచ్చే వేళకి విస్తళ్లు ఎత్తేశారు.

షామియానా వెనక ఎంగిలాకుల కుప్ప ముందు పట్టు పంచె ఎగ్గట్టి నేను వెతుకుతుంటే, క్యాటరింగ్ కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు.

‘ఏం పోయింది సార్, బంగారమా?’

‘కాదు బాబూ, పళ్లు.’

కుర్రాడు నా నోటికేసి చూశాడు.