గిన్నె మీద పేరుంది, ఇంటి మీద లేదు

విడాకుల వేళ ఏది ఎవరిదో తేల్చడంలో స్టీలు సామాన్ల కొట్టులో పేర్లు చెక్కే కుర్రాణ్ణి మించిన న్యాయకోవిదుడు లేడని నా నిశ్చితాభిప్రాయం. బిందె అడుగున చుక్కలు చుక్కలుగా "చి.ల.సౌ. సుజాతకు పిన్ని, బాబాయి" అని టకటకా కొట్టి, కింద పెళ్లి తేదీ వేస్తాడు. ఆ బిందె సుజాతదే. ఏ ప్లీడరూ కాదనలేడు.

నగల సంగతి అంత తేలిక కాదు. స్త్రీధనం పూర్తిగా భార్యదే, అది ఉమ్మడి ఆస్తి కాదని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. చెప్పింది సరే, బిల్లేదమ్మా? బిల్లు నాన్న పేరున ఉంటుంది, నగలు అత్తగారి లాకర్లో ఉంటాయి.

ఇక ఫ్లాటు. 1955 నాటి హిందూ వివాహ చట్టం 27వ సెక్షన్ పెళ్లి సమయంలో వచ్చిన ఉమ్మడి కానుకల గురించి మాట్లాడుతుంది. అంటే డబుల్ కాటూ, గోడ గడియారమూ. పదేళ్ల తర్వాత కొన్న ఇల్లు మాత్రం మామూలుగా ఎవరి పేరున రిజిస్టరైతే వారిదే. ఆయన జీతంలోంచి ఈఎంఐ కట్టారు. ఈవిడ జీతంలోంచి బియ్యం, పాలు, స్కూలు ఫీజులు. ఎంత చక్కని ఏర్పాటు! ఈఎంఐ గోడలై నిలబడింది. పాలు తాగేశారు, ఇక పంచడానికేముంది? ఉద్యోగం మానేసి పిల్లల్ని పెంచిన ఆవిడకైతే పాల బిల్లు కూడా లేదు. భరణం అడుక్కోవచ్చు లెండి.

గోవాలో 1867 నాటి పోర్చుగీసు సివిల్ కోడ్ పుణ్యమా అని, పెళ్లికి ముందు వేరే ఒప్పందం రాసుకోకపోతే ఆలుమగల ఆస్తి ఉమ్మడి, విడిపోతే చెరిసగం. మనమూ గోవా వెళ్తాం కానీ చట్టం చదవడానికి కాదు కదా. భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ఇచ్చే బిల్లొకటి ఢిల్లీలోనూ బయల్దేరింది. 2013లో రాజ్యసభ గట్టెక్కి, లోక్‌సభ గుమ్మంలో కూలబడి, మరుసటి ఏడు ఎన్నికలతో కాలం చేసింది.

అందుకే మొన్న స్టీలు కొట్టుకెళ్లి, గృహప్రవేశాలకు మెషిన్ పట్టుకొస్తావా, గుమ్మం మీద ఇద్దరి పేర్లూ కొట్టాలి అని అడిగాను. కుర్రాడు నవ్వలేదు.

"గిన్నెలకైతే ఫ్రీయే మేడమ్. గుమ్మానికి సార్‌ని అడగాలి కదా."