చిన్నాన్నకు ఉప్పు పాఠం చెప్పిన మా బావగారికి

నిన్న సోంపేటలో మా చిన్నాన్న ఇంటికి పెద్ద బావగారు వచ్చారు. పండ్లో మిఠాయో తెచ్చి ఉంటారనుకుంటే, సంచిలోంచి ఉప్పు ప్యాకెట్ తీశారు. ముందువైపు పెద్ద అక్షరాలతో 'సోడియం తక్కువ' అని ఉంది. "మామయ్యగారూ, ఇకమీదట ఇదే వాడండి. బీపీకి మంచిది, కిడ్నీకి మంచిది, మినరల్స్ కూడా ఉంటాయి" అన్నారు. అల్లుడి మాట కాదనలేక చిన్నాన్న రెండు చేతులతో అందుకున్నారు. నేను ప్యాకెట్ వెనక్కి తిప్పాను. చీమ తలకాయంత అక్షరాల్లో పొటాషియం క్లోరైడ్ అని ఉంది. దాని కింద ఇంకా చిన్నగా, కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా వాడవద్దని ఉంది.

చిన్నాన్నది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, ఎందరికో కిడ్నీ జబ్బు ఉన్న ప్రాంతం. ఆయన కిడ్నీల సంగతి ఊరంతటికీ తెలుసు. బావగారికి ఇంకా బాగా తెలుసు, ఎందుకంటే ప్రతి పెళ్లిలోనూ "పాపం మామయ్యగారు" అని నలుగురికీ చెప్పేది ఆయనే.

తెలియనివారికి చెబుతున్నాను. ఆ ఉప్పులో సోడియం కొంత తీసి, ఆ చోటు పొటాషియంతో నింపుతారు. కిడ్నీలు బాగున్నవాళ్లకు అది మేలే. ఎక్కువైన పొటాషియం మూత్రంలో పోతుంది, బీపీ కూడా కొంత దిగుతుంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో అది సరిగా బయటికి పోదు. రక్తంలో పేరుకుని గుండె లయ తప్పిస్తుంది, ఒక్కోసారి గుండె ఆగిపోతుంది కూడా. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఉప్పు వాడమని సలహా ఇస్తూనే, కిడ్నీ సమస్య ఉన్నవారికి ఆ సలహా వర్తించదని స్పష్టంగా రాసింది. బావగారికి వచ్చిన వాట్సాప్ సందేశంలో ఆ రెండో సగం లేదు. ఎప్పుడూ ఉండదు.

ఈ పొటాషియం సంగతి మా చిన్నమ్మకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆవిడ కూరగాయలు చిన్న ముక్కలు కోసి, గిన్నె నిండా నీళ్లు పోసి ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు పోపు వేస్తుంది. రుచి పోతుంది, పొటాషియం కూడా కొంత పోతుంది. ఇంటి వెనక కొబ్బరితోట ఉంది. దింపు తీసినరోజు కూలీలందరూ బొండాలు కొట్టుకుని తాగుతారు. చిన్నాన్న మాత్రం గట్టు మీద కూర్చుని కాయలు లెక్కపెడతారు. సొంత చెట్టు, సొంత కాయ, కానీ ఆ నీళ్లలోనూ పొటాషియం ఎక్కువే, నోట్లో పోసుకోవడానికి లేదు. కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, ఎటు వెళ్లినా ఇలాంటి ఇల్లు కనిపిస్తుంది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, సంతోషం. జబ్బుకు కారణం ఇదీ అని మాత్రం ఇప్పటికీ తేల్చలేదు. నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒళ్లెరగని చాకిరీ అన్నారు. ఇన్ని అన్నాక ఇప్పుడు మా బావగారు ఉప్పుతో బయలుదేరారు.

నేను వెనకవైపు చదివి వినిపిస్తే ఆయన ఏమన్నారో తెలుసా? "అయితే హిమాలయన్ పింక్ సాల్ట్ పంపిస్తాను, అందులో ఎనభై నాలుగు మినరల్స్ ఉన్నాయి."

ఆ పేరులోనే హిమాలయం. తవ్వేది పాకిస్తాన్ పంజాబులో, ఖేవ్రా గనిలో. నూటికి తొంభై ఏడు, తొంభై ఎనిమిది పాళ్లు మామూలు సోడియం క్లోరైడే. ఆ గులాబీ రంగు కాస్త ఇనుము వల్ల వచ్చింది. ఆ ఇనుము ఒంటికి పట్టాలంటే ఎంత ఉప్పు తినాలో లెక్క వేస్తే, రక్తహీనత తగ్గేలోపు మనిషే ఉండడు. పైగా చాలా వాటిలో అయోడిన్ కలపరు. అయోడిన్ లేని ఉప్పును తిండికి అమ్మకూడదని దేశమంతటా 2006లో నిషేధం పెట్టింది ఊరికే కాదు కదా. రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు, అదీ లేకపోతే గొంతు వాస్తుంది, కడుపులో బిడ్డ మెదడు ఎదగదు. ఇంతకీ మన నౌపడ ఉప్పు కళ్లాల్లో ఎండకు మాడి ఉప్పు పోగేసేవాళ్ల దగ్గర గీచి గీచి బేరమాడే బావగారే, రంగు ఉప్పుకు మాత్రం అడిగినంత ఇచ్చి వస్తారు.

ఆయన ప్రభుత్వం ఇచ్చేది దేన్నీ నమ్మరు లెండి. అక్క కడుపుతో పుట్టింట్లో ఉన్నప్పుడు ఆశా కార్యకర్త ఎర్ర మాత్రలు తెచ్చి ఇచ్చింది. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, ఫోలిక్ ఆమ్లం. "అవి వేడి చేస్తాయి" అని పక్కన పెట్టించి, డబ్బాలో ఏదో పొడి కొన్నారు. అక్క ఆ పొడి తాగి, వెంటనే టీ తాగేది. టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదని ఆ డబ్బా మీద రాయలేదు కాబోలు.

అసలు నా కోపం నిన్నటిది కాదు. అది కూడా చెప్పేస్తాను.

అక్క నిశ్చితార్థం రోజు ఉదయం మా నాయనమ్మ వాకిట్లో పీట వేసుకుని చోడి (రాగి) అంబలి తాగుతోంది. మగపెళ్లివారు కాస్త ముందే వచ్చేశారు. బావగారు గిన్నెలోకి తొంగిచూసి, "ఇంకా ఇదే తాగుతున్నారా మీ ఇంట్లో?" అని నవ్వారు. వెనక నలుగురు నవ్వారు. అమ్మ గబగబా వచ్చి గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. సగం తాగిన గిన్నె. నాయనమ్మ మూతి తుడుచుకుని లోపలికి వెళ్లింది. ఆ తర్వాత అల్లుడు వస్తున్నాడంటే చాలు, అంబలి కుండ నూతి గట్టు వెనక్కి చేరేది.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది. ఆ ఏడాదే బావగారికి చోళ్లు కనిపించాయి. ఇప్పుడు కనిపించిన వాళ్లందరికీ పాఠం: వంద గ్రాముల్లో 360 మిల్లీగ్రాముల దాకా కాల్షియం, ఆవుపాలకు మూడింతలు, పెద్దవాళ్లకు రోజుకు వెయ్యి కావాలి! లెక్క నిజమే బావగారూ, కాదనను. మీరు తినే చోడి బిస్కెట్లలో చక్కెర ఎంతో కూడా చెప్పండి మరి. పిండిని రాత్రంతా పులియబెడితే, ఖనిజాలను ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు విరిగి కాల్షియం, ఇనుము, జింకు ఒంటికి బాగా పడతాయని పుస్తకాలు ఇప్పుడు చెబుతున్నాయి. మా నాయనమ్మ పుస్తకం చదవకుండానే రాత్రి పిండి కలిపి, పొద్దున నూకలు వేసి కాచి, మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ నంజుకుని తాగేది. దాన్ని మా చేత దాచిపెట్టించినవాళ్లు మాకు మినరల్స్ నేర్పుతారా?

అక్క ఈ పోస్టు చదువుతుందని తెలుసు. పొద్దున్నే ఫోన్ చేసి, ఆయన మంచికే కదా తెచ్చారు, తీసేయమంటుంది. తీయను. చిన్నాన్న ఒక్క చెంచా వేసుకుని ఉంటే అప్పుడు ఎవరు ఎవరికి ఫోన్ చేసేవాళ్లు?