స్టేషన్ రాజీకి విలువెంత?

గుంటూరులోనైనా బెజవాడలోనైనా మొగుడూ పెళ్లాల గొడవ గడప దాటితే ముందు వచ్చేది పోలీసుల ఫోనే. "ఒకసారి స్టేషన్‌కి వచ్చి వెళ్లండి, మాట్లాడి పంపించేస్తాం." నోటీసు ఉండదు, సెక్షన్ చెప్పరు. ఇరువైపుల పెద్దమనుషులూ చేరతారు. సాయంత్రానికి ఓ తెల్లకాగితం, దాని మీద నాలుగు సంతకాలు. ఈ పంచాయితీలో మగాడికే అన్యాయమని కొందరు, ఆడపిల్లకే అన్యాయమని కొందరు అంటారు. నన్నడిగితే ఇద్దరూ మునుగుతున్నారు.

ముందు అతని సంగతి. భార్యపై క్రూరత్వం కేసు భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ కిందికి వస్తుంది. గరిష్ఠ శిక్ష మూడేళ్లు. ఇలాంటి కేసుల్లో యాంత్రికంగా అరెస్టు చేయొద్దని 2014లో అర్నేష్ కుమార్ తీర్పులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అరెస్టు అవసరం లేనప్పుడు నాగరిక్ సురక్షా సంహిత (అరెస్టు, విచారణ పద్ధతుల చట్టం) 35(3) కింద హాజరు కమ్మని నోటీసివ్వాలి. అది వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో అదే కోర్టు తేల్చింది. నోటీసు అందాక మాత్రం వెళ్లి తీరాలి. బెయిలొచ్చేదాకా తెనాలి బంధువులింట్లో దాక్కునే తెలివి పనికిరాదు, అరెస్టుకు కారణం చేతికిచ్చినట్టే. ఒకవేళ అరెస్టు చేస్తే కారణం రాసివ్వాలి, ఇంట్లోవాళ్లకు చెప్పాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి.

ఇక ఆమె. "ఇకపై కొట్టను" అని అతను రాసిచ్చిన కాగితానికి కోర్టు ఉత్తర్వుకున్న బలం లేదు. మళ్లీ చెయ్యెత్తితే మళ్లీ మొదటికే. అదే 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇస్తే దాని ప్రతి స్టేషన్‌కు కూడా వెళుతుంది. ఉల్లంఘిస్తే ఏడాది దాకా జైలు, లేదా 20 వేల దాకా జరిమానా, లేదా రెండూ. పైగా నాన్‌బెయిలబుల్.

ఈ తేడా చాలామంది మగవాళ్లకు తెలియదు. గృహహింస కేసు (డీవీసీ) సమన్లు అందగానే జైలేనని హడలిపోతారు. నిజానికి ఆ పిటిషన్ మీద అరెస్టుండదు. తీరా ఉత్తర్వు వచ్చాక "ఫోనేగా చేసింది" అని తేలిగ్గా తీసుకుంటారు. ఆమెతో మాట్లాడొద్దని అందులో ఉంటే ఆ ఫోనే నేరం. పిల్లాడి పుట్టినరోజుకి ఆమే పిలిచినా ఉత్తర్వు దానంతటది రద్దు కాదు. పరిస్థితులు మారాయని అదే చట్టం 25(2) కింద ఇద్దరిలో ఎవరైనా కోర్టుకెళ్లి మార్పించుకోవాలి. ఉత్తర్వే తప్పనిపిస్తే 30 రోజుల్లో సెషన్స్ కోర్టులో అప్పీలు చేసుకోవచ్చు.

వకీలు ఫీజు భయమా? మహిళలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. నంబరు 15100.

రాజీయే కావాలంటే దానికీ గృహహింస చట్టంలోనే చోటుంది. 14వ సెక్షన్ కింద మేజిస్ట్రేటే కౌన్సెలింగ్‌కు పంపవచ్చు. అక్కడ కుదిరిన షరతులను కోర్టు నమోదు చేసి ఉత్తర్వుగా ఇస్తుంది.