మోడళ్ల సగటు గారికి బహిరంగ లేఖ

అయ్యా సగటు గారూ,

గాలి నాణ్యత మోడళ్లను, అంటే గాలిలో కాలుష్యం ఎంతో లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాములను, కలిసి పరీక్షిద్దామని యూరప్, ఉత్తర అమెరికా శాస్త్రవేత్తలు 2009లో ‘ఆక్మీ’ (AQMEII) అనే ఉమ్మడి కార్యక్రమం మొదలుపెట్టారు. తొలి విడతకు 2006 నాటి గాలి, రెండో విడతకు 2010 నాటిది. ఫలితాలన్నీ ఇటలీలోని ఇస్ప్రాలో ఉన్న యూరోపియన్ కమిషన్ పరిశోధన కేంద్రానికి చేరేవి. మోడళ్లు రాత్రింబవళ్లు లెక్కలు కడితే మార్కుల పట్టికలో పైవరస తరచూ వాటి అంకెలన్నీ కలిపి భాగించగా పుట్టిన తమకే దక్కింది. ఒక్క సమీకరణం ముట్టుకోలేదు, వాతావరణం ముఖం చూడలేదు. గుంపులో గోవిందయ్యకు ఇంతకంటే యోగం ఏముంటుంది?

మీ కిటుకు తెలియంది కాదు. ఒక మోడల్ ఓజోన్‌ను పెంచి చూపిస్తే ఇంకొకటి తగ్గిస్తుంది, రెండు తప్పులూ చెల్లుకు చెల్లు. అయితే తప్పులు వేర్వేరు వైపులకు ఉంటేనే ఆ ఆట సాగుతుంది. పోలిక న్యాయంగా ఉండాలని ఉద్గారాల పట్టిక (ఎక్కడ ఎంత పొగ వెలువడుతుందో చెప్పేది), ఖండం అంచుల్లోంచి వచ్చే గాలి వివరాలు దాదాపు అందరికీ ఒకటే ఇచ్చారు. ఆ పట్టికలో కట్టెల పొగ తక్కువ పడిందనుకోండి, అందరూ ఒకే వైపు తప్పుతారు. ఒకే తానులో ముక్కల్ని పది కలిపితే రంగు మారుతుందా? పీఎం10ను, అంటే గాలిలోని సన్నని ధూళి కణాలను, మోడళ్లు తక్కువగా చూపినచోట తమరూ తక్కువే చూపారు.

ఇక శిఖరాల సంగతి. యూరప్‌లో గంట సగటు ఓజోన్ ఘనపు మీటరు గాలికి 180 మైక్రోగ్రాములు దాటితే జనానికి చెప్పాలి. ఒక మోడల్ మధ్యాహ్నం ఒంటిగంటకు 190 చూపి నాలుగింటికి 150కి దిగుతుంది. రెండోది ఒంటిగంటకు 150, నాలుగింటికి 190. ప్రమాదం ఉందని ఇద్దరూ అంటున్నారు, గంటలోనే పేచీ. తమరేమో రెండు గంటలకూ 170 రాసి హెచ్చరికనే మింగేశారు. వర్గదోషం (కొలతతో తేడాలను వర్గం చేసి తీసే సగటు) మాత్రం తగ్గిందట, అభినందనలు!

రాత్రిళ్ల ఊసు ఎత్తకూడదనుకున్నాం గానీ తప్పడం లేదు. నేలను అంటిపెట్టుకున్న చల్లని పొరలో గాలి ఎంత కలుస్తుందో మోడళ్లకు సరిగా అంతుపట్టదు. రాత్రి ఎక్కువ, పగలు తక్కువ చూపినా ఏడాది సగటు దోషం సున్నాకు దగ్గరగా వస్తుంది. ఎవరైనా ప్రపంచ సమయానికి బదులు స్థానిక సమయంతో ఫైలు పంపినా ఆ పొరపాటు తమ చాటున దాక్కుంటుంది.

ఈసారి ఫలితాలు తెచ్చేటప్పుడు దోషాన్ని విడగొట్టి తెండి: పక్షపాతం (ఎప్పుడూ ఒకే వైపు తప్పడం) ఎంత, ఊగిసలాటలో తేడా ఎంత, సమయం తప్పింది ఎంత. రాత్రిని, పగటిని వేరు చేయండి. గుంపునంతా వెంటేసుకు రానక్కర్లేదు. తప్పులు ఒకదానితో ఒకటి పోలని నాలుగైదు మోడళ్లను ఏరుకుని రండి, చాలాసార్లు మొత్తం మందకన్నా అవే మెరుగు. అప్పుడు కూడా పైవరస మీదే అయితే మాకేం అభ్యంతరం లేదు.

ఇట్లు,
స్టేషన్ల కొలతలు పట్టుకుని కూర్చున్నవారు