నల్ల బీరు ముందు నవ్వకూడదు

స్టౌట్ అనే ఈ నల్ల బీరుని ఇంకా దాహానికి తాగేవాళ్ళు ఉన్నారంటే నిజంగా బాధేస్తోందండీ. సీసా మూత తియ్యడం, గటగటా దించెయ్యడం, మూతి తుడుచుకుని వెళ్ళిపోవడం. అలాంటివాళ్ళ కోసం పసుప్పచ్చగా అమాయకంగా లాగర్ బీరు ఉంది కదా, అది తాగొచ్చు. 12 శాతం ఆల్కహాల్ ఉన్న ఇంపీరియల్ స్టౌట్, అంటే స్టౌట్ లో బాగా ఘాటు రకం, దాని జోలికి రావాలంటే మాత్రం కాస్త నియమనిష్ఠలు ఉండాలని సమాజ హితం కోరి మనవి చేసుకుంటున్నా.

ముందు ఫ్రిజ్ లోంచి తియ్యగానే తాగకూడదు. మరీ చల్లగా ఉంటే నాలుకకి రుచే తెలీదు, అందుకని పది పన్నెండు డిగ్రీలకి వచ్చేదాకా దాని ఎదురుగా కూర్చోవాలి, ఇది మాత్రం నిజంగా పనికొచ్చే సలహా, వెక్కిరింపు కాదు. ఆ ఖాళీ టైంలో లేబుల్ చదువుకోవచ్చు, పరీక్షకి సరిపడా మేటర్ ఉంటుంది దానిమీద. తర్వాత ట్యులిప్ పువ్వు ఆకారంలో ఉండే గ్లాసులో పొయ్యాలి. ప్లాస్టిక్ కప్పులో పోసేవాడితో రాకపోకలు మానుకోండి. పోశాక లైటుకి ఎదురుగా ఎత్తి చూడాలి. ఏమీ కనపడదు, నల్లగా ఉంటుంది కాబట్టి. అయినా చూడాలి, చూసి ఏదో అర్థమైనట్టు తలాడించాలి.

ఇక వాసన ఘట్టం. ఒకడు కాఫీ అంటాడు, పక్కవాడు డార్క్ చాక్లెట్ అంటాడు, మూడోవాడు ఎండుద్రాక్ష, వీళ్ళందరికంటే పెద్దోడు కళ్ళు మూసుకుని "పాత తోలు" అంటాడు, నువ్వెప్పుడు నమిలావురా తోలు అని అడగకూడదు, మర్యాద కాదు. నిజానికి కాఫీ, చాక్లెట్ వరకు అబద్ధమేం కాదు, కాఫీ గింజల్ని వేయించినట్టే బార్లీని కూడా నల్లగా మాడేదాకా వేయిస్తారు కాబట్టి ఆ చేదు, ఆ కమ్మదనం దాంట్లో ఉండాల్సిందే. నాకు ముచ్చటేసేది ఇంకోటి. బీరు తయారుచేసే బ్రూవరీవాళ్ళే కాఫీ కలిపి, కాఫీ కలిపాం బాబూ అని పెద్దక్షరాల్లో రాసి పంపితే, అది చదివి, ముక్కు గ్లాసులో పెట్టి, ఐదు నిమిషాలు ధ్యానం చేసి "కాఫీ నోట్స్ ఉన్నాయి" అని కనిపెట్టడం. ఈ స్థాయి పరిశోధన ఇంకే రంగంలో జరుగుతోందో చెప్పండి.

చరిత్ర గురించి ఎవరైనా ఎత్తితే టాపిక్ మార్చెయ్యండి, ఎందుకంటే అది మన పరువుకి అంత మంచిది కాదు. 18వ శతాబ్దంలో లండన్ లో మూటలు మోసేవాళ్ళు, బళ్ళు తోలేవాళ్ళు ఒళ్ళు నొప్పులకి తాగిన పోర్టర్ అనే ముదురు రంగు బీరులో కాస్త గట్టి రకమే ఈ స్టౌట్, వాళ్ళలో ఎవరూ తోలు వాసన కోసం వెతికినట్టు లేదు. ఆ తర్వాత 1817లో డేనియల్ వీలర్ అనే ఆయన మాల్ట్ ని, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని, నల్లగా వేయించే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు, దాంతో చవగ్గా గిట్టుబాటయ్యే లేత మాల్ట్ లోనే గుప్పెడు నల్ల మాల్ట్ వేసి రంగు తెప్పించెయ్యడం మొదలైంది. అంటే మనం దణ్ణం పెట్టే ఈ నలుపులో సగం ఖర్చు తగ్గించుకునే ఉపాయం.

నల్లగా ఉంది కాబట్టి బాగా ఎక్కుతుందనుకునేవాళ్ళ గురించి ఒక్క మాట. గిన్నిస్ డ్రాట్ అనే పేరుమోసిన స్టౌట్ లో ఆల్కహాల్ 4.2 శాతమే, చాలా లాగర్లు దానికంటే ఎక్కువే ఎక్కిస్తాయి. ఆ నురగ అంత మెత్తగా ఉండేది నైట్రోజన్ వల్ల. అయితే ఆ కంపెనీ పెట్టిన ఆర్థర్ గిన్నిస్ 1759లో డబ్లిన్ లో బ్రూవరీ స్థలాన్ని ఏడాదికి 45 పౌండ్ల చొప్పున 9000 ఏళ్ళకి లీజు రాయించుకున్నాడు చూడండి, అదీ ఓపికంటే. మనవాళ్ళూ ఏం తక్కువ తినలేదు, బర్బన్ విస్కీ పీపాల్లో నానిన స్టౌట్ కొని, ఇంకా ముదరాలి అని అలమారలో దాచి, పుట్టినరోజొస్తే ఇది చాలదు, ప్రమోషనొస్తే ఇదీ చాలదు అనుకుంటూ ఏళ్ళు గడిపేస్తారు, ఆ సీసా స్థాయికి తగ్గ సందర్భం వాళ్ళ జీవితంలో రాదు.

సరే, ఏదో రోజు తెరిచారే అనుకోండి. మొదటి గుక్కకి ఓక్, వెనీలా, బెల్లప్పాకం అని పేరా రాస్తారు. సగం గ్లాసుకి వాక్యాలు పొట్టివౌతాయి. చివరి గుక్కకి "బావుందిరా" ఒక్కటే మిగుల్తుంది, నా మటుకు నాకు అన్నిట్లోకీ నమ్మదగ్గ రివ్యూ అదే. మార్కులు మాత్రం ఐదుకి నాలుగుంపావు దాటనివ్వకూడదు, చులకనైపోతాం.

ఇదంతా జరుగుతుండగా ఎవడో ఒకడు గ్లాసు ఖాళీ చేసేసి, తోలూ లేదు గీలూ లేదు, "భలే ఉంది, ఇంకోటుందా" అంటాడు. లేదని చెప్పండి. లోపల ఎన్నున్నా సరే.