అయ్యా బంతి గారూ, ఇక దయచేయండి

మహారాజశ్రీ టెన్నిస్ బంతి గారి సముఖమునకు,

ఈ ఇంటి కోడలు, చిట్టిబాబు అనే లాబ్రడార్ కుక్కకు కాగితాల మీద మాత్రమే యజమానురాలు అయిన నేను రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. మీ ఒంటి మీది పసుపు నూగు సగం ఊడినా, ఒక పక్క చీలిక పట్టినా, పొద్దస్తమానం చొంగలో నానుతున్నా మీ పలుకుబడికి ఏ లోటూ రాలేదు. క్షేమం కరువైంది మాకే.

తెలుగు నేల మీద మీకు పరువైన చరిత్రే ఉంది. టెన్నిస్ కోర్టు ముఖం ఎరుగని వీధుల్లో కూడా మిమ్మల్ని ఎరగని పిల్లవాడు లేడు. ఒంటికి ఇన్సులేషన్ టేపు చుట్టి మీ చేత స్వింగు చేయించారు. మీరు ఎదురింటి మేడ మీద పడితే ఔటు. కొట్టినవాడే వెళ్లి, ఆ ఇంటావిడ చేత తిట్లు తిని, మిమ్మల్ని తెచ్చుకోవాలి. ఎక్కడా రాసిపెట్టకపోయినా అది అందరికీ శిరోధార్యమైన చట్టం. మా ఇంట్లో ఆ చట్టం తిరగబడింది. విసిరేది ఒకరు, తెచ్చేది మరొకరు, తిట్లు తినేది మాత్రం నేను.

మీకు ఆ పసుపు రంగు 1972లో వచ్చింది. టీవీ చూసేవారికి బాగా కనబడాలని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య వారు మార్పించారు. వింబుల్డన్ వారు మాత్రం 1986 దాకా మిమ్మల్ని తెల్లగానే ఉంచారు. మనుషుల కోసం చేసిన ఏర్పాటు కుక్కలకు కలిసివచ్చింది. ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియని ఆ కళ్లకు ఆనేవి పసుపు, నీలమే. కొలతల పుస్తకం ప్రకారం మీ బరువు 60 గ్రాములు కూడా ఉండదు. 32 కిలోల ప్రాణిని మీరు ఆడిస్తున్న తీరు చూస్తే ఆ పుస్తకాన్నే అనుమానించాలి.

చిట్టిబాబును నేను పెద్దగా తప్పు పట్టను. వాడి పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో, గడ్డకట్టించే నీళ్లలో జాలర్లతో పనిచేసినవారు. వలల తాళ్లు, కొక్కెం తప్పిన చేపలు ఒడ్డుకు చేర్చేవారు. 19వ శతాబ్దంలో బ్రిటన్ ప్రభువులు వారిని తెప్పించుకుని, తుపాకీకి కూలిన బాతులను పంటిగాటు పడకుండా తెచ్చే ఉద్యోగం ఇచ్చారు. 1903లో కుక్కల జాతులను నమోదు చేసే అక్కడి కెన్నెల్ క్లబ్ ఈ జాతికి గుర్తింపు ఇచ్చింది. కుక్కలకు మూలపురుషుడైన తోడేలు వేటలో పొంచి చూడటం, తరమడం, పట్టడం, చంపడం, తినడం అన్నీ ఉంటాయి. కడుపు నిండితే వేట ముగుస్తుంది. లాబ్రడార్‌ను తయారుచేసినవారు తరమడాన్నీ పట్టడాన్నీ పెంచి, చంపడాన్నీ తినడాన్నీ తుంచేశారు. తెచ్చి చేతికివ్వడం ఒకటి అదనంగా చేర్చారు. ముగింపు తీసేసిన వేట ఎక్కడ ఆగాలి? పైగా ప్రభువుగారి బాతు ఒక్కసారే కూలేది. మీరేమో ప్రతిసారీ లేచి కూర్చుని మళ్లీ కూలడానికి సిద్ధమవుతారు.

మీ పరిపాలన మా ఇంట్లో ఎలా సాగుతోందో మనవి చేస్తాను. మిమ్మల్ని సోఫా కిందికి, చేయి దూరనంత లోతుకు నెట్టేది వాడే. ఆ తర్వాత సాష్టాంగపడి, ముట్టె నేలకు ఆనించి, సన్నగా కూనిరాగం అందుకునేదీ వాడే. చీపురుకర్రతో మిమ్మల్ని బయటికి లాగి ఇచ్చి, నేను నడుము నిటారు చేసుకునేలోపు మీరు మళ్లీ అక్కడే ఉంటారు. వాడిప్పుడు మా ముఖాలు చూడటం మానేశాడు, చేతులే చూస్తున్నాడు. మావారు వీడియో మీటింగులో ఏదో వివరిస్తూ చెయ్యి తిప్పితే ఒళ్లోకి మీరు వచ్చి పడతారు, తడిగా. వాచ్‌మన్ కారు వెనక్కి తీయించడానికి చెయ్యి ఊపితే చాలు, నాలుగో అంతస్తు బాల్కనీలో పరుగు మొదలవుతుంది.

అన్నిటికన్నా మా అత్తయ్య అవస్థ చూడాలి. సాయంత్రం దీపం పెట్టి, హారతి పళ్లెం కుడిచేత్తో పైకెత్తుతారు. ఆ చెయ్యి భుజం దాటిందో లేదో, వాడు హాలు ఆ చివరికి దూసుకుపోయి, వెనక్కి తిరిగి, ముందుకాళ్లు వణికిస్తూ నిలబడతాడు. పళ్లెం గుండ్రంగా తిరుగుతుంది. అందులోంచి ఏదీ రాదు. వాడు ఆవిడనూ పటాలనూ మార్చి మార్చి చూసి, న్యాయం అడుగుతున్నట్టు ఒక్కసారి మొరుగుతాడు. అప్పటి నుంచి అత్తయ్య హారతిని నడుము ఎత్తు దాటనివ్వడం లేదు. పై వరుసలో ఉన్న వేంకటేశ్వరస్వామికి మా ఇంట్లో వెలుగు అందడం లేదు. ఈ అపచారం మీ ఖాతాలోనే రాస్తున్నాను.

కుక్కను బాగా అలవగొడితే ఇల్లు ప్రశాంతంగా ఉంటుందన్న హామీ మీద మిమ్మల్ని తెచ్చుకున్నాం. అది మామయ్యగారి సిద్ధాంతం. బాల్కనీ కుర్చీలోంచి లేవకుండా కుక్కకు వ్యాయామం చేయించవచ్చన్న లోకానుభవం కూడా దానికి తోడైంది. జరిగిందేమిటి? రోజూ పరిగెత్తి వాడు పరుగులో ఆరితేరాడు. నిన్న సరిపోయింది ఇవాళ చాలదు. ఒళ్లు అలుస్తుంది, బుర్ర మాత్రం మరుగుతూనే ఉంటుంది. అర్ధరాత్రి లేచి మిమ్మల్ని వెతుకుతాడు. తమరు వ్యాయామశాల అని బోర్డు పెట్టుకున్న బెల్టు షాపు. వేళాపాళా లేదు, అప్పుకైనా పోస్తారు, తాగినవాడి దాహం పెంచే పంపుతారు.

మీ వల్ల ఒంటికి జరిగే చేటు సంగతి పశువైద్యుడు విడమరిచి చెప్పారు. మీ మెత్తటి నూగులో ఇసుక, దుమ్ము చేరితే అది గరుకు కాగితమే. రోజంతా మిమ్మల్ని నమిలే కుక్క కోరపళ్లు మొద్దుగా అరిగిపోతాయి. నున్నటి టైల్స్ మీద జారుతూ ఆగడం, గాలిలోకి ఎగిరి మెలి తిరిగి వెనుక కాళ్ల మీద పడటం మోకాళ్లకు మంచిది కాదు. లిగమెంటు తెగితే ఆపరేషను దాకా పోతుంది. మీ ముక్క ఒకటి ఊడి కడుపులోకి జారితే పేగుకు అడ్డం పడుతుంది. పెద్ద కుక్క గొంతులో మీరు నిండుగా ఇరుక్కునే ప్రమాదమూ ఉంది.

ఇక ఎండ. కుక్కకు పాదాల అడుగున తప్ప చెప్పుకోదగ్గ చెమట పట్టదు. రొప్పడమే దానికి చల్లదనం. మామూలుగా 38, 39 డిగ్రీల దగ్గర ఉండే ఒంటివేడి 41 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. న్యూఫౌండ్‌లాండ్ చలికి కుదిరిన రెండు పొరల బొచ్చుతో హైదరాబాదు మే నెలలో పరుగులేమిటి? నాలుక వెడల్పయి వేలాడుతుంది, చిగుళ్లు ఎర్రబడతాయి, అడుగు తడబడుతుంది. అప్పుడు కూడా వాడు మిమ్మల్ని తెచ్చి కాళ్ల దగ్గరే పెడతాడు. వాడే అడుగుతున్నాడు కదా అని మళ్లీ విసిరే దయామయులు మా అపార్ట్‌మెంటు నిండా ఉన్నారు.

అందుచేత తమరి అధికారాలకు కోత పెట్టడమైనది. ఇకపై తమరి నివాసం బీరువా మీది స్టీలు డబ్బా. నడుమ ఎవరు ఏడ్చినా, ఎవరు మొరిగినా దర్శనం ఉండదు. తెల్లవారుజామున మట్టినేల మీదే, అదీ ముందు కాస్త నడిచి కాళ్లు సాగాకే, బయటికి వస్తారు. వాడు కూర్చుంటేనే మీరు కదులుతారు, ఎగిరి కాదు, నేలబారున దొర్లుతూ. ‘వదులు’ అంటే వదలాలి; వదిలినందుకు క్యారెట్ ముక్క ముడుతుంది. ఊపిరి ఇంకా తేలికగా ఉండగానే ‘అయిపోయింది’ అని రెండు ఖాళీ చేతులూ చూపించి, వాడు చూస్తుండగానే మిమ్మల్ని సంచిలో వేసేస్తాను.

అక్కడితో వదిలేస్తే వేట మళ్లీ సగంలో ఆగినట్టే. అందుకే వెంటనే గడ్డిలో గుప్పెడు తిండి గింజలు చల్లుతాను. ముక్కు నేలకు ఆనించి ఒక్కొక్కటీ ఏరుకుంటూ వాడు తినే ఆ కాసేపటిలో ఒంట్లోని ఊపు దిగిపోతుంది. ప్రభువులు తీసేసిన ఆఖరి ఘట్టాన్ని నేను చేత్తో అతికిస్తున్నానన్నమాట. వర్షం పడిన రోజు పాత తువాలు మడతల్లో గింజలు దాచి ఇస్తే చాలు, అరగంట ఇంట్లో మనిషి మాట మనిషికి వినబడుతుంది.

మొదటి రోజుల్లో వాడు బీరువా ముందు ధర్నాకు కూర్చున్నాడు. అరుపులు తగ్గకపోగా పెరిగాయి. ఇలాంటివి తగ్గేముందు పెరగడం సహజమట. సరిగ్గా అరుపు తారస్థాయికి చేరినప్పుడు లొంగిపోతే, ఎంతసేపు అరిస్తే పని అవుతుందో మనమే నేర్పినట్టు. నేను లొంగలేదు. కానీ ప్రతి శాఖలోనూ ఒకరుంటారు. మధ్యాహ్నం నేను కాస్త నడుము వాల్చినప్పుడు, ఆరోజు పేపరు చదవడం పూర్తయిన మామయ్యగారు స్టూలు ఎక్కి డబ్బా మూత తీశారు. ‘ఒక్కసారికేమవుతుందమ్మా’ అన్నారు. ఏమైందో ఆ సాయంత్రం నుంచి బీరువా తలుపు మీద పడిన గోటి గీతలు చెబుతాయి. ప్రస్తుతం స్టూలుకు కూడా తాళం వేశాం.

ఈ లేఖకు జవాబు అక్కరలేదు. తమరికి అభ్యంతరం ఉంటే రాతపూర్వకంగా, నేరుగా నాకే తెలపండి. మామయ్యగారి ద్వారా వచ్చే అర్జీలు స్వీకరించబడవు.

ఇట్లు,
డబ్బా తాళంచెవి కొంగున కట్టుకున్న కోడలు

ప్రతి: వేంకటేశ్వరస్వామి వారికి, పై వరుస, పూజగది. హారతి ఎత్తు విషయమై కొంచెం ఓపిక పట్టగలరు.